శరీరశాస్త్రజ్ఞుడు వెసేలియసు

గత సంవత్సరము మన పాఠశాల యుపాధ్యాయులలో నొకరు క్రింది దవడయందలి జ్ఞానదంతమును తీయించుకొనిరి. పంటిబాధ తీరినది గాని, పెదవిలో నొక ప్రక్కయు, గడ్డములో నా ప్రక్కయు దాదాపు నాలుగు నెలలు మొద్దుబారి యుండెను. కాఫీ వేడిగా నున్నదో చల్లారినదో ఆ ప్రక్క పెదవికి తెలియకుండెను. గడ్డమున మెతుకు అంటుకొన్నను తెలియదు గనుక మాటిమాటికి చేతిరుమాలుతో తుడుచుకొనుచుండిరి. వారు మన గానబృందమునకు పాటలు నేర్పువారగుటచే పిల్లలు దీనిని గమనింపక పోలేదు. మాస్టరుగారి పెదవి యేల పనిచేయుటలేదని ఆరవ తరగతి బాలిక యొకతె నన్నడిగెను. పెదవి కదలుచునే యుండెను. దానికి స్పర్శజ్ఞానము మాత్రమే లేకుండెను. తరువాత వేరొక విధమైన పటము తీయించి చూడగా, సాధారణముగా ఒక్కటిగా నుండు నరపు కాలువ వారి దవడలో రెండు పాయలుగా చీలి, అందొకటి ఆ పంటి వేళ్ళను ఆనుకొని పోవుచుండెనని తేలినది. మొదట తీసిన పటములో ఆ రెండవ పాయ కనబడలేదు.

ఆ బాలికకు చెప్పవలసిన సమాధానమునకై నేను పుస్తకములు తిరుగవేయుచుండగా, అయిదు వందల సంవత్సరముల క్రిందట జీవించిన యొక పండితుడు నాకు మాటిమాటికి ఎదురుపడుచు వచ్చెను. గ్రంథములో వ్రాసిన దేహము వేరు, మన యెదుటనున్న దేహము వేరు కావచ్చునని వైద్యలోకమునకు గట్టిగా చెప్పినవా డాయన. ఆయనను సైతము జ్ఞానదంతము బాధింపక విడువలేదు. ఆయన పేరు ఆండ్రియాస్ వెసేలియసు.

ఇతడు 1514వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన బ్రస్సెల్సు నగరమున జన్మించెను. ఇతని తాత ముత్తాతలు వైద్యులు. తండ్రి అయిదవ ఛార్లెసు చక్రవర్తికి ఔషధములు కూర్చి యిచ్చు కొలువులో నుండెను. ఇంటినిండ వైద్యగ్రంథములే. బాల్యముననే ఎలుకలను, పందికొక్కులను, కుక్కలను కోసి లోపలి నిర్మాణమును చూచుట యితనికి వ్యసనమయ్యెను. లూవేను పట్టణమున భాషలు నేర్చి, 1533 ప్రాంతమున వైద్యవిద్యకై పారిసు నగరమునకు పోయెను.

ఆ కాలమున శరీరశాస్త్రమును బోధించు విధానము విచిత్రమైనది. ఆచార్యుడు ఎత్తైన పీఠముపై కూర్చుండి, రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడగు గేలెను వ్రాసిన పుస్తకమును చదువుచుండును. క్రింద బల్లమీది శవమును మంగలి యొకడు కోయుచుండును. పుస్తకము చదువువాడు శవమును చూడడు. శవమును కోయువాడు పుస్తకము నెరుగడు. పుస్తకములో నున్నది శవములో కనబడనిచో, తప్పు శవముదే గాని పుస్తకముది కానేరదు. ఇట్లు పదమూడు వందల యేండ్లు గడచినవి.

వెసేలియసునకు ఈ చదువు చాలలేదు. పారిసు నగరపు పాత శ్మశానవాటికలో ఎముకలు గుట్టలుగా పడియుండెడివి. అతడును అతని మిత్రులును అచ్చట గంటలకొలది గడపి, కండ్లకు గంతలు కట్టుకొని, చేతికందిన యెముక యేదో తాకి చెప్పుదుమని పందెములు వేసికొనెడివారట. 1536లో యుద్ధము వచ్చుటచే పారిసును విడిచి లూవేనునకు మరలి వచ్చెను. అచ్చట పట్టణము వెలుపల మరణశిక్ష పొందిన యొక నేరస్థుని దేహము పక్షులచే తినబడి, ఎముకలు మాత్రము కీళ్ళతో నిలిచియుండుట చూచి, రాత్రివేళ దానిని కొంచెము కొంచెముగా ఇంటికి మోసికొని వచ్చెను. ఆ పనిలో అతనికి తోడ్పడినవాడు గెమ్మా ఫ్రిసియసు అను ప్రసిద్ధ గణితశాస్త్రజ్ఞుడు. విద్యార్థులారా, ఈ యొక్క విషయమున మీరు వెసేలియసును అనుసరింపవలదు.

1537 డిసెంబరులో ఇటలీదేశపు పాడువా విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని, వెంటనే అచ్చటనే శస్త్రచికిత్సకును శరీరశాస్త్రమునకును ఉపన్యాసకుడుగా నియమింపబడెను. అప్పటికి అతనికి ఇరువదిమూడు సంవత్సరములు నిండలేదు. పీఠమెక్కి కూర్చుండుట మాని, మంగలిని ప్రక్కకు తొలగించి, కత్తి తానే పట్టెను. శిష్యులు చుట్టును క్రిక్కిరిసి నిలిచి చూచుచుండిరి.

అయినను తొలుత అతడును గేలెనునే నమ్మెను. మెదడు క్రింద వలవంటి రక్తనాళముల చిక్కు ఒకటి కలదని గేలెను వ్రాసియుండగా, 1538లో తాను ప్రకటించిన పటములలో వెసేలియసు దానిని చిత్రింపించెను. మనుష్యుని తలలో అది కనబడకపోగా, గొఱ్ఱెతలనో ఎద్దుతలనో దగ్గర నుంచుకొని దానిలో చూపెడివాడు. తరువాత తన మహాగ్రంథమున ఈ పొరపాటును బాహాటముగా ఒప్పుకొనెను. ఇట్టి యొప్పుకోలు పండితులలో అరుదు.

1540లో బొలోనా నగరమున మనుష్యుని యస్థిపంజరమును, కోతి యస్థిపంజరమును ప్రక్కప్రక్కన కూర్చుచుండగా అసలు సంగతి అతనికి స్పష్టమయ్యెను. గేలెను వర్ణించినది మనుష్యదేహమును కాదు. కోతులను, పశువులను కోసి చూచి, మనుష్యుడును అట్లే యుండునని యూహించి వ్రాసెను. ఆనాటి రోమునందు మనుష్యశవమును కోయుట కూడని పని గనుక గేలెనును మిక్కిలి నిందింపరాదు. అతని తరువాత వచ్చిన వారు చూడకయే చదువుట మాత్రము క్షమింపరానిది.

క్రింది దవడ విషయమునే చూడుడు. అది రెండు ఎముకలు గడ్డమువద్ద అతుకబడినదని గేలెను వ్రాసెను. కుక్కకును ఎద్దునకును అది నిజమే. వెసేలియసు ఎన్నో పుఱ్ఱెలను పరీక్షించి, పెరిగిన మనుష్యునకు అది యొకే యెముకయని తేల్చెను. (పుట్టిన శిశువునకు రెండు సగములుగానే యుండి మొదటి యేటిలోనే అతుకుకొనును.) ఆ దవడకు వెనుక లోపలి వైపున నరము ప్రవేశించు రంధ్రమును, గడ్డము ప్రక్కన అది వెలువడు రంధ్రమును అతని వర్ణనలో కలవు. కుక్కపుఱ్ఱెమీద మనుష్యపుఱ్ఱెను నిలిపి వ్రాయించిన చిత్రమొకటి ఆ గ్రంథమున ప్రసిద్ధము. చూచినవారు భేదమును తామే గ్రహింతురు.

దంతముల విషయము ఇంకను వినోదముగా నుండును. పురుషులకంటె స్త్రీలకు దంతములు తక్కువయని అరిస్టాటిలు వ్రాసెను. తల్లియో చెల్లెలో ఒక్కసారి నోరు తెరచి చూపిన తీరిపోవు సందేహము పదునెనిమిది వందల యేండ్లకు పైగా పుస్తకములలో నిలిచియుండెను. వెసేలియసు ఆ మాటను త్రోసివేసి, కావలసిన వారు లెక్కించి చూచుకొనవచ్చునని వ్రాసెను. పంటిలోపల బోలుగా నుండు గదిని గూడ అతడు గుర్తించెను.

ఇరువదియారవ యేట, తన గ్రంథమును కూర్చుచున్న దినములలో, అతనికి ముప్పదిరెండవ పన్ను మొలచుట ప్రారంభించెను. ఆ యనుభవమును అతడు గ్రంథమునందే చేర్చెను. చివరి దంతములు ఆలస్యముగా, మిక్కిలి బాధతో మొలచునని యెరుగని వైద్యులు మంచి పండ్లను ఊడబెరుకుదురనియు, లేక దేహమున దోషము ప్రకోపించినదని మాత్రలు మ్రింగింతురనియు, నిజమునకు ఆ పంటిమీది చిగురును కోయుటయు, అవసరమైనచో ఎముకను తొలుచుటయు తగిన చికిత్సయనియు అతని యభిప్రాయము. జ్ఞానదంతమునకై ఎముకను తొలుచు శస్త్రచికిత్స నేడును కలదు. అయితే ఆ యెముకలో ఏమున్నదో తెలియక తొలుచుట అపాయకరము. ఇచ్చట వెసేలియసు చరిత్రమును కొంచెము నిలిపి, మన మాస్టరుగారి పెదవి సంగతి చెప్పవలెను.

మన క్రింది దవడలో ఇరుప్రక్కలను ఒక్కొక్క కాలువ కలదు. అది చెవికి దిగువ, దవడయొక్క లోపలి వైపున నున్న రంధ్రముతో మొదలై, ఎముకలోపలనే క్రిందికి దిగి, దౌడపండ్ల వేళ్ళ క్రిందుగా ముందునకు సాగి, గడ్డము ప్రక్కన మరియొక రంధ్రముగుండ వెలువడును. దానిలో ఒక నరము, దానితో రక్తనాళములు పోవును. ఆ ప్రక్కనున్న క్రింది పండ్లకును, క్రింది పెదవికిని, గడ్డమునకును స్పర్శజ్ఞానము ఆ నరమువలననే కలుగును. పెదవిని కదలించు నరము వేరు. కావుననే మాస్టరుగారు పాట పాడగలిగిరి గాని పెదవిమీది మెతుకు నెరుగలేకపోయిరి.

సాధారణముగా పదునేడు మొదలు ఇరువదియైదేండ్ల లోపల మొలచు జ్ఞానదంతము దవడకు చిట్టచివర నుండును. చాలమందికి అచ్చట చోటు చాలదు. పన్ను ప్రక్కకు వ్రాలియో, ఎముకలో పూడియో నిలిచిపోవును. దాని వేళ్ళు నరపు కాలువకు మిగిలిన పండ్ల వేళ్ళకంటె దగ్గరగా నుండును. ఎంత దగ్గర యనుటకు మాత్రము అందరికి ఒక్క కొలత లేదు. కొందరికి ఆ కాలువ దవడ యడుగంచున దూరముగా పోవును. కొందరికి వేళ్ళను తాకుచు పోవును. కొందరికి వేళ్ళకు చెంపవైపునను, కొందరికి నాలుకవైపునను, మరికొందరికి వేళ్ళ నడుమనుండియు పోవును. పంటివేరు నరమును చుట్టుకొని యుండుట అరుదే గాని లేకపోలేదు. ఇక కాలువ రెండుగా చీలుట యొకటి. సాధారణపు ఎక్సురే పటములలో ఇది నూటికి ఒకరికంటె తక్కువమందికే కనబడినది. సూక్ష్మమైన స్కానింగు పటములలో పదిమందిలో ఒకరికంటె ఎక్కువమందికి కనబడుచున్నది. మనుష్యుల దవడలు మారలేదు. చూచు కన్ను మారినది. జ్ఞానదంతము వెనుకకు ఒక చిన్న పాయ పైకి వచ్చి చిగురులో వెలువడుటయు కలదు.

ఈ భేదములవలన ఏమగునన్నచో, రెండవ పాయ యున్నవారికి మత్తుసూది వేసినను పన్ను పూర్తిగా మొద్దుబారకపోవచ్చును. రోగి బాధయని మొఱపెట్టుకొనగా పిరికివాడని తలచుట అన్యాయము. కోత యా పాయమీద పడినచో రక్తము ఎక్కువగా స్రవింపవచ్చును. వేరు పెకలించునప్పుడు నరము నలిగినను తెగినను, పెదవియు గడ్డమును మొద్దుబారును, లేదా సూదులు గ్రుచ్చినట్లు చిమచిమలాడును. జ్ఞానదంతము తీయించుకొన్నవారిలో నూటికి కొద్దిమందికి మాత్రమే ఇట్టి మొద్దుదనము కలుగును. వారిలోను అధికులకు కొన్ని నెలలలో తగ్గిపోవును. శాశ్వతముగా నిలుచుట నూటికి ఒకరికంటె తక్కువ. వేరు కాలువను తాకియున్నవారికి ఈ భయము ఎక్కువ. సంఖ్య చిన్నదే, కాని పెదవి పోగొట్టుకొన్నవానికి ఆ చిన్న సంఖ్యయే సర్వము.

1895లో జర్మనీదేశపు రాంట్‌గెను పండితుడు ఎక్సు కిరణములను కనుగొనిన పిమ్మట దవడను కోయకయే లోపలి యెముకను చూడ వీలయ్యెను. అయితే ఎక్సురే పటమనునది నీడ వంటిది. ముందు వెనుకలుగా నున్న రెండు తాటిచెట్ల నీడ యొకే గోడమీద పడినచో, ఏది ముందున్నదో, రెండును తాకుచున్నవో లేదో నీడను చూచి చెప్పలేము. దవడపటమును అట్లే. అందుచే వైద్యులు కొన్ని గుర్తులను చూతురు: కాలువ యంచున నుండు తెల్లని గీత వేరువద్ద తెగిపోవుట, వేరుమీద నల్లని నీడ పడుట, కాలువ వేరువద్ద వంపు తిరుగుట. ఇవి కనబడినచో జాగ్రత్తపడుదురు. 1990 తరువాతి దశాబ్దమున దంతవైద్యమునకై వచ్చిన కోన్ బీము స్కానింగు యంత్రము దవడను అన్ని వైపులనుండి చూపును. కాలువ చెంపవైపున నున్నదో నాలుకవైపున నున్నదో, ఒకటో రెండో దానిలో తెలియును. అట్లని ఆ పటము తీసినంతమాత్రమున నరములకు కలుగు గాయములు తగ్గినవని పరిశోధనలు నిరూపింపలేదు. దానివలన కిరణములు ఎక్కువగా సోకును గనుక అందరికి అనవసరము. అనుమానమున్న చోట అది కన్నువలె ఉపకరించును. చేతినైపుణ్యము వేరుగా నుండవలెను.

వేళ్ళు నరమును అంటియున్నవని తెలిసినప్పుడు, పన్ను ఆరోగ్యముగా నున్నచో, పైభాగమును మాత్రము కోసి తీసి వేళ్ళను ఎముకలోనే విడుచు పద్ధతియు కలదు. ఏ బాధయు పెట్టక లోపల నిద్రించు పంటిని అసలు కదలింపవలెనా యనునది మొదట అడుగవలసిన ప్రశ్న. తలిదండ్రులు ఈ ప్రశ్నను వైద్యునితో మొగమాటము లేక అడుగవచ్చును. మన మాస్టరుగారికి దైవకృపచే స్పర్శ మరల వచ్చినది.

ఇక వెసేలియసు. అతడు వ్రాసిన మానవశరీర నిర్మాణము అను గ్రంథము 1543లో స్విట్జర్లాండునందలి బాసెలు నగరమున ఓపొరీనసు ముద్రాలయమునుండి వెలువడెను. చిత్రములు చెక్కిన కొయ్య అచ్చులను వెనిసునుండి ఆల్ప్సు పర్వతములను దాటించి పంపెను. అచ్చులో ఏ లోపము జరుగునో యని తానే బాసెలునకు పోయి కనిపెట్టుకొనియుండెను. ఆ దినములలో అచ్చట మరణశిక్ష పొందిన యాకోబు కార్రెరు అనువాని దేహమును కోసి, ఎముకలను కూర్చి విశ్వవిద్యాలయమునకు ఇచ్చెను. ఆ యస్థిపంజరము నేటికిని బాసెలు నగరమున భద్రముగా నున్నది.

గ్రంథము వెలువడునాటికి గ్రంథకర్తకు ఇరువదియెనిమిది సంవత్సరములు. పుఱ్ఱెలలో ఎన్ని ఆకృతులు కలవో చూపుటకు వేర్వేరు తలల చిత్రములను దానిలో వేయించెను. దేహములు ఒకదానికొకటి భిన్నముగా నుండునని ఎరుగనివాడు శరీరశాస్త్రమున సగమే చదివినవాడని ఆ చిత్రములను చూచినప్పుడు నాకు తోచినది.

గ్రంథమునకు మెప్పుతోపాటు నిందయు వచ్చెను. పారిసులో తనకు గురువైన సిల్వియసు మండిపడి, శిష్యుని పేరును పిచ్చివాడను నర్థము వచ్చునట్లు మార్చి ఖండనగ్రంథము వ్రాసెను. గేలెను తప్పు వ్రాయలేదు, అతని తరువాతనే మనుష్యుల దేహములు మారియుండవలెనని ఆ వృద్ధుని వాదము. గురువులలో నేనును ఒకడనైనను సిల్వియసు పక్షమున నిలువలేను. న్యాయమైన విమర్శయు వచ్చెను. బర్తొలొమెయో యూస్టాకి అను రోము వైద్యుడు, వెసేలియసు చిత్రింపించిన మూత్రపిండము కుక్కదే గాని మనుష్యునిది కాదని చూపెను. ఈ యూస్టాకియే 1563లో దంతములను గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమును ప్రకటించెను.

1543 తరువాత వెసేలియసు పాడువాను విడిచి, అయిదవ ఛార్లెసునకును, పిమ్మట అతని కుమారుడగు ఫిలిప్పునకును ఆస్థానవైద్యుడయ్యెను. శవమును కోయుటకు వీలులేని కొలువది. అతని విద్యకు ఇది నష్టమనియే నా తలంపు. 1555లో గ్రంథమును దిద్ది రెండవ కూర్పును వెలువరించెను. 1559లో ఫ్రాన్సు రాజగు రెండవ హెన్రీకి క్రీడాయుద్ధమున ఈటె విరిగి కంటివద్ద గ్రుచ్చుకొనగా, వెసేలియసును బ్రస్సెల్సునుండి పిలిపించిరి. అంబ్రోస్ పారే అను శస్త్రవైద్యుడును అచ్చటనే యుండెను. ఇరువురును రాజును కాపాడలేకపోయిరి.

1564లో వెసేలియసు స్పెయినుదేశమును విడిచి యెరూషలేము యాత్రకు బయలుదేరెను. బ్రతికియున్న మనుష్యుని కోసెననియు, దానికి ప్రాయశ్చిత్తముగా ఈ యాత్ర విధింపబడెననియు నొక కథ పుట్టి చాలకాలము వ్యాపించెను. దానికి ఆధారము లేదని చరిత్రకారులు త్రోసివేసిరి. పాడువాలో తన పూర్వపు పదవి మరల లభింపనున్నదని యతడు ఆశపడి యుండెననియు చెప్పుదురు. పరిశుద్ధ స్థలములను దర్శించి తిరుగుప్రయాణము చేయుచుండగా ఓడకు గాలివానలు తగిలెను. ఆహారమును నీళ్ళును కొరవడెను. గ్రీకుదేశపు జాంటె ద్వీపమున దిగినపిదప, అక్టోబరు మాసమున, ఏబదియవ యేడు నిండకమునుపే అతడు మరణించెను. అచ్చటనే సమాధి చేసిరి. ఆ సమాధి యిపుడు కనబడదు.